నూట నలభై కిలోల మనిషి నీళ్ళ మీద

ఆ వేసవిలో ఒక పొద్దున మా ఆయన్ని లారీలు తూచే కాటా మీద నిలబెట్టాను.

నేను కాటా ఆపరేటర్ని. ఊరి చివర క్వారీ రోడ్డు మీద నా గది. కిటికీ అవతల యాభై అడుగుల ఇనప పలక. దాని మీదికి బండి ఎక్కితే నా బల్ల మీది పెట్టెలో ఎర్ర అంకెలు పరిగెత్తి, తడబడి, ఆగుతాయి. నేను చీటీ కొట్టి ఇస్తాను. మనుషుల్ని తూచే యంత్రం మా ఇంట్లోనూ ఉంది గానీ, అది నూట ఇరవై దాటితే మూడు గీతలు చూపించి ఊరుకుంటుంది. మా ఆయన దాని మీద కాలు పెట్టడం మానేసి చాలా కాలమైంది.

"ఎవరైనా చూస్తారేమో," అన్నారు.

"ఆరు కూడా కాలేదు. మొదటి బండి ఏడింటికి. మధ్యకి వచ్చి నిలబడండి."

ఆరడుగుల అయిదంగుళాల మనిషి, బడిలో గది బయట నిలబెట్టిన పిల్లాడిలా చేతులు వెనక్కి కట్టుకుని ఆ పలక మధ్యలో నిలబడ్డారు. చిత్రం, అక్కడ ఆయన చిన్నగా కనిపించారు. అంకెలు ఒకసారి వణికి నూట నలభై దగ్గర ఆగాయి. మా కాటా పదేసి కిలోల లెక్కనే చూపిస్తుంది, అయిదు అటో ఇటో. నాకు అంతకంటే నిక్కచ్చిగా అక్కర్లేదు. అలవాటు కొద్దీ చీటీ కొట్టాను.

ఆయన కిటికీలోంచి అందుకుని చదివారు. "ఖాళీ బరువు దగ్గర ఏమీ రాయలేదే."

"మీరు ఖాళీగా ఉన్నప్పుడు రండి, రాస్తాను."

ఆయన పెదవి చివర కొంచెం కదిలింది. ఏడాదిగా నేను చూడనిది అది.

ఏడాది కిందటి సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఆయన చెరువు ఆఫీసులో ఉద్యోగి. నీటిమట్టం రాసుకోవడం, వారానికోసారి పడవలో వెళ్ళి సీసాల్లో నీళ్ళు పట్టి తేవడం ఆయన పని. ఒకరోజు కొత్తగా వచ్చిన ఆఫీసరు కూడా పడవ ఎక్కాడు. పడవ సన్నది. సీసా అందించడానికి మా ఆయన పక్కకి వంగారు. పడవ ఒరిగింది, ఆఫీసరూ అతని ఒళ్ళో ఉన్న పరికరమూ నీళ్ళలో పడ్డారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఒడ్డున షికారుకి వచ్చినవాళ్ళెవరో ఫోన్లో తీశారు. రెండు రోజుల్లో ఊరంతా చూసింది. కింద ఎవరో రాశారు: "చెరువు పొంగుతుంది, పల్లంలో ఉన్నవాళ్ళు జాగ్రత్త."

ఆ తర్వాత ఆయన్ని గేటు దగ్గర టికెట్ల గదిలో కూర్చోబెట్టారు. ఆ బల్ల కింద ఆయన మోకాళ్ళు పట్టవు. పక్కకి తిరిగి కూర్చుని, కిటికీలోంచి చెయ్యి మాత్రం బయటపెట్టి టికెట్లు ఇచ్చేవారు. జనానికి ఆ చెయ్యి తప్ప ఇంకేమీ కనబడేది కాదు. ఆయనకి కావలసిందీ అదే. ఇంటికొచ్చినా పెద్దగా మాట్లాడేవారు కాదు. ఇంట్లో ఉండేది ముగ్గురం, నేనూ ఆయనా ఆయన తల్లీ. అత్తయ్య మాటకారి కనక ఇల్లు ఇల్లులా ఉండేది.

ఇక కాటా దాకా ఎందుకు వచ్చామంటే, దానికి చేపల డాక్టరు కారణం. ఆ పేరు మేం పెట్టుకున్నది. చెరువుల్లో చేపల మీద పరిశోధన చేసే మనిషి, అయిదడుగులు కూడా ఉండదు, ఎప్పుడూ మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. ఎండలు ముదరకముందు ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి, గుమ్మంలోనే ఆగి, మా ఆయన్ని కింది నుంచి పై దాకా చూసింది. చూడటంలో వెటకారం లేదు. నిచ్చెన కొనేవాళ్ళు నిచ్చెనని చూసినట్టు చూసింది.

చెరువుకి తూర్పున ఒక వంపు ఉంది. నడుము లోతు నీళ్ళు, చుట్టూ రెల్లు. దాన్ని మట్టితో పూడ్చి వాహనాలు నిలిపే చోటు చేద్దామని చెరువు కమిటీ అనుకుంటోంది.

"ఆ వంపులో చేపలు గూళ్ళు కడుతున్నాయని నా అనుమానం," అంది డాక్టరు. "అనుమానం తీసుకెళ్ళి కమిటీ ముందు పెట్టలేను కదండీ. లెక్క కావాలి. వానలు పడేలోపు రోజూ ఒకరు వెళ్ళి చూసి రావాలి. నేను ఇంకో మూడు చెరువులు తిరగాలి."

"చేపలు గూళ్ళు కడతాయా?" అంది అత్తయ్య. "పిట్టల్లాగానా?"

"నేల మీద గుంట చేస్తాయండీ. మగచేప తోకతో బురదంతా ఊడ్చి, పళ్ళెమంత గుంట చేసి, అందులో గుడ్లకి కాపలా ఉంటుంది."

"మగదా? మరి ఆడది?"

"గుడ్లు పెట్టేసి వెళ్ళిపోతుంది."

"తెలివైంది," అంది అత్తయ్య.

డాక్టరు మా ఆయన వైపు తిరిగింది. మోటారు పడవ పోతే బురద లేస్తుందట. చిన్న పడవలో కూర్చుంటే కళ్ళ ముందు నీటి మెరుపు తప్ప ఇంకేమీ కనబడదట. డ్రోను ఎగరేస్తే ఫొటోల్లో రెల్లు నీడా ఆకాశమూ వచ్చాయట. "పైనుంచి తిన్నగా కిందికి చూడాలండీ. కళ్ళు ఎంత ఎత్తున ఉంటే అంత దూరం అడుగు కనిపిస్తుంది. నిలబడి తెడ్డు వేసే బోర్డులు ఉంటాయి. మీ ఎత్తు మనిషి దాని మీద నిలబడితే నాకు కనబడనివి మీకు కనబడతాయి."

"నేను నీళ్ళలోకి దిగను," అని ఆయన పెరట్లోకి వెళ్ళిపోయారు.

డాక్టరు బలవంతపెట్టలేదు. టీ తాగి వెళ్ళిపోయింది. మూడో రోజు భోజనం చేస్తూ ఆయన తన పళ్ళెం కొంచెం ఎత్తి చూసి, "ఇంత ఉంటుందందా ఆ గుంట?" అన్నారు. అంతే. మర్నాడే కాటా.

*

చెరువు గట్టు కింద పంక్చర్ బాబాయి దుకాణం. ముప్పై ఏళ్ళు లారీ టైర్లకి పంక్చర్లు వేసి, నడుము పడిపోయాక గాలి ట్యూబులూ గాలి బోర్డులూ అద్దెకిచ్చే పని పెట్టుకున్నాడు. టైర్ల రోజుల నుంచీ నాకు తెలిసినవాడు. ఆ బోర్డు గురించి నాకు మొదటి పాఠం బాబాయే చెప్పాడు. పైపొరకీ కింది పొరకీ మధ్య వేలకొద్దీ దారాలు కుట్టి ఉంటాయి. గాలి ఎంత కొట్టినా బుడగలా ఉబ్బకుండా ఆ దారాలు పట్టి లాగుతాయి. అందుకే చాపలా చుట్టి సంచిలో పెట్టుకునే వస్తువు, గాలి నిండాక చెక్కలా గట్టిపడుతుంది.

"గట్టి ప్లాస్టిక్‌వి కూడా ఉంటాయమ్మాయ్. కానీ ఈయన బరువుకి సరిపోయేది తెస్తే దాన్ని మొయ్యడానికి మళ్ళీ నలుగురు కావాలి," అన్నాడు. "ఇది చూడు, పదిన్నర అడుగులు. నూటయాభై కిలోలు మోస్తుందని దీని మీదే రాసుంది."

ఆదివారం కాకుండా మామూలు రోజు చూసుకుని వెళ్ళాం. అయినా గట్టు మీద అయిదారుగురు ఉన్నారు. మా ఆయన మోకాళ్ళ మీద ఎక్కారు, ఆగారు, ఒక పాదం పెట్టి లేచారు. ఆయన లేస్తుంటే బోర్డు మధ్యలో దిగబడింది. ముందు కొసా వెనక కొసా పైకి లేచాయి. ఆయన పాదాల మీద నుంచి నీళ్ళు పారాయి. రెండు క్షణాలు అలా నిలబడి, పక్కకి, చెట్టు కూలినట్టు పడ్డారు.

గట్టు మీద ఒకడు ఫోను పైకెత్తాడు. బాబాయి వాడి ముందుకెళ్ళి నిలబడి, "ట్యూబు కావాలా?" అని అడిగాడు. వాడు ఫోను దించాడు. కానీ మా ఆయన అప్పటికే చూశారు. తడి బట్టలతోనే, చెప్పులు చేత్తో పట్టుకుని, ఇంటి దాకా నడిచి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి ఆయన చొక్కా ఉతకడానికి తీస్తే జేబులో ప్లాస్టిక్ కవరు, కవరులో మడిచిన కాగితం. బదిలీ కోరుతూ రాసిన దరఖాస్తు. పైపుల డిపోకి. రోజంతా బండి నడిపితే గానీ ఆ ఊరు రాదు. అక్కడ చెరువు కాదు కదా, కాలువ కూడా లేదు. తారీఖు ఇంకా వెయ్యలేదు. కవరుతో సహా తీసి మళ్ళీ ఆయన పొడి చొక్కా జేబులో పెట్టాను. అత్తయ్యకి చెప్పలేదు. ఆయన్నీ అడగలేదు. అడిగితే తారీఖు వేసేస్తారని భయం.

ఆ తర్వాత తొమ్మిది రోజులూ నా మనసులో బోర్డు తప్ప ఏమీ లేదు. నాకు తెలిసింది ఒక్కటే విద్య. ఏ బండి ఎంత మోస్తుంది, ఎంత వేస్తే ఎలా నడుస్తుంది. మర్నాడు బాబాయి దగ్గరికి వెళ్ళాను.

"బాబాయ్, పది టన్నుల బండిలో పది టన్నులూ వేస్తే ఏమవుతుంది?"

"నడుస్తుంది. మలుపులో దేవుడు కనిపిస్తాడు."

"మరి నూటయాభై అని రాసిన బోర్డు మీద నూటయాభై పెడితే?"

బాబాయి కాసేపు మీసం నిమురుకున్నాడు. "మునగదు అని రాశారు గానీ నిలబడొచ్చు అని రాయలేదు కదూ," అన్నాడు.

అప్పుడు లెక్క వేశాం. ఆయన నూట నలభై, తెడ్డూ చొక్కా మీది తేలే జాకెట్టూ నీళ్ళ సీసా కలిపి ఇంకో పది. మొత్తం నూటయాభై. అది బోర్డు మోసే శక్తిలో మూడింట రెండు వంతులు దాటకూడదనుకున్నాం. అంటే రెండు వందల పాతిక రాసి ఉన్న బోర్డు కావాలి. పొడుగు మనిషికి బరువంతా పైనే ఉంటుంది కనక వెడల్పు ఎక్కువుండాలి. కానీ ఊరికే వెడల్పు పెంచితే పొట్టి బోర్డు పళ్ళెంలా గిరగిరా తిరుగుతుంది తప్ప ముందుకి పోదు. వెడల్పుకి తగ్గ పొడుగుండాలి. మందం అరడుగు, పైపొర రెండు మడతలు.

బాబాయి తనకి తెలిసిన నాలుగు చోట్లకి ఫోన్లు చేసి, రెండు బోర్డులు పరీక్షకి తెప్పించాడు. క్వారీ నుంచి నేను పదేసి కిలోల ఇసక సంచులు పదిహేను కట్టించి, అన్నీ కలిపి కాటా మీద తూచి మరీ తెచ్చాను. మోకాళ్ళ లోతు నీళ్ళలో నేనూ బాబాయీ దిగి, ఒక్కో బోర్డు మధ్యలో, మా ఆయన పాదాలుండేంత చోట, ఆ పదిహేను సంచుల్నీ పేర్చాం. ఈ కొస నుంచి ఆ కొసకి తాడు లాగి పట్టుకుని, మధ్యలో ఎంత దిగిందో టేపుతో కొలిచాం. దారిన పోయేవాళ్ళు వంతెన కడుతున్నారా అని అడిగారు.

మొదటిది మూడు వేళ్ళు దిగింది. రెండోది పన్నెండున్నర అడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు. దాని మీద సంచులన్నీ పెట్టాక తాడుకీ బోర్డుకీ మధ్య నా చిటికెన వేలు కూడా పట్టలేదు. బాబాయి ఒక సంచి మీద చరిచి, "ఇదీ బండి," అన్నాడు.

ఇంటికెళ్ళి మా ఆయనతో చెప్పాను. "మీ బరువు ముందే వెళ్ళి దాని మీద నిలబడి వచ్చింది. మునగలేదు. ఇక మీరు వెళ్ళడమే మిగిలింది."

ఆయన నా వైపు చూశారు. నా చేతుల మీద సంచులు మోసిన గీతలు ఎర్రగా ఉన్నాయి. వాటి వైపు చూశారు. "ఎక్కడ దిగుదాం?" అన్నారు.

*

తూర్పు వంపులోనే దిగాం. జనం అటు రారు. అత్తయ్య కూడా మడత కుర్చీ పట్టుకుని బయల్దేరింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, ఆవిడా పొడుగే, ఆటో ఎక్కితే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. చేత్తో కొట్టే పంపుతో బాబాయి గాలి కొడుతుంటే, చివరి ఇరవై పోట్లకి పంపు దిగనని మొరాయించింది. మా ఆయన రెండు చేతులూ దాని మీద వేసి ఊరికే వాలారు. అది దిగింది. "ఈ పని ఇంకెవరి వల్లా కాదు," అన్నాడు బాబాయి.

ఆయన మోకాళ్ళ మీద ఎక్కారు. బోర్డు కొంచెం కూర్చుని ఆగింది. లేచారు. పాదాలు పొడిగానే ఉన్నాయి. బోర్డు కొసలు రెండూ నీటికి సమంగా ఉన్నాయి. అప్పుడు ఆయన తెడ్డు వెయ్యబోయి నడుము దగ్గర సగానికి వంగారు. తెడ్డు ఎంత లాగినా ఏడడుగులకి అంగుళం కూడా ఎక్కువ రావడం లేదు, అందులో అడుగున్నర నీళ్ళలోకే పోతుంది. గుమ్మంలోకి దూరేటప్పుడు ఎలా వంగుతారో అలా వంగి, కాళ్ళ ముందున్న నీళ్ళని కెలుకుతూ నాలుగు బారలు వెళ్ళి పడ్డారు. లేచి మళ్ళీ ఎక్కారు. మళ్ళీ పడ్డారు.

"తెడ్డు పొట్టిదిరా," అంది అత్తయ్య ఒడ్డు మీంచి. "వీడికి ఉయ్యాల కూడా రెండో నెలలోనే మార్చాం."

బాబాయి దుకాణానికి వెళ్ళి, తెడ్డు పిడి ఊడదీసి, అల్యూమినియం గొట్టం ముక్క ఒకటి జానెడు అతికించి తెచ్చాడు. అప్పటికి మధ్యాహ్నం దాటి, గాలి పడిపోయి, నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఈసారి ఆయన తెడ్డు పట్టుకుంటే పై చెయ్యి నుదుటికంటే ఎత్తున ఉంది. నడుము వంగడానికి కారణం లేకపోయింది. భుజాలు వెనక్కి వెళ్ళాయి. మెడ లేచింది. పైన చూరు లేదు, ద్వారబంధం లేదు, బస్సు కమ్మీ లేదు. ఒక్క తెడ్డుకే బోర్డు మెత్తగా, చప్పుడు లేకుండా, మా నుంచి దూరంగా జారిపోయింది.

పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. ఆయన అంత పొడుగని నాకు ఆరోజే తెలిసింది. నీళ్ళ మీద నిలబడ్డ మనిషీ, నీళ్ళలో ఆ మనిషి బొమ్మా కలిసి, రెల్లు కంటే ఎత్తుగా, ఎక్కడా వంపు లేని ఒకే గీతలా కనిపించారు.

అత్తయ్య కుర్చీ వదిలి నీళ్ళ అంచు దాకా వెళ్ళి నిలబడింది. తర్వాత మెల్లగా అంది: "పదమూడో ఏట వంగడం మొదలుపెట్టాడు. అద్దంలో తల కనబడటం లేదని అద్దం పైకి జరపమంటే, నేనే, వంగి చూసుకోరా అన్నాను."

*

పని మాత్రం అంత తేలిగ్గా సాగలేదు. రోజూ టికెట్ల గది తెరిచేలోపు రెండు గంటలు వెళ్ళొచ్చేవారు. మొదటి వారమంతా బురదే కనిపించింది. లోతు తగ్గిన చోట బోర్డు అడుగున ఉండే రెక్క నేలని తాకి మట్టి లేపుతోందని బాబాయి దాన్ని తీసి చిన్న రెక్క పెట్టాడు. డాక్టరు నల్ల కళ్ళద్దాలు ఇచ్చింది, నీటి మెరుపుని ఆపేవి. అయినా ఆయన పొద్దున్నే తడిసి వచ్చేవారు, తువ్వాలు తీసుకునేవారు, "ఏం లేవు" అనేవారు. అత్తయ్య కూడా రెండోసారి అడగడం మానేసింది.

ఎనిమిదో రోజు ఆయన తుడుచుకోకుండానే వంటగదిలోకి వచ్చారు. ఒంటి మీది నీళ్ళు నేల మీద కారుతున్నాయి.

"నన్ను తరిమింది," అన్నారు.

"ఎవరు?" అన్నాను, గట్టు మీద ఎవరో మళ్ళీ ఏదో అన్నారనుకుని.

ఆయన అరచెయ్యి చాపి చూపించారు. "ఇంత. ఇంతకంటే లేదు. నేను ఊరికే నిలబడి చూస్తున్నాను. తెల్లటి ఇసక గుంట, మధ్యలో అది. నా నీడ గుంట మీద పడింది. పారిపోతుందనుకున్నాను. అది పైకొచ్చి బోర్డుని గుద్దింది. పాదానికి తెలిసింది నాకు, టక్‌మని. వెనక్కి వెళ్ళి, తిరిగి వచ్చి మళ్ళీ గుద్దింది. నేను వెనక్కి వచ్చేశాను."

"చేపకి భయపడ్డావా?" అంది అత్తయ్య.

"భయం కాదమ్మా." చేతిని అలాగే చాపి, అందులో ఇంకా ఆ చేప ఉన్నట్టు చూసుకున్నారు. "దానికి నేనెంత ఉన్నానో అక్కర్లేదు. దాని గుంట దానికి కావాలి. అంతే."

అని, జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, కాగితం విప్పి బల్ల మీద పెట్టారు. వెనక వైపు పెన్సిల్‌తో గీతలు. ఒకటి, రెండు, మూడు... పదిహేడు. తిప్పి చూడకుండానే అదేం కాగితమో నాకు తెలిసింది.

"నోటు పుస్తకం మర్చిపోయాను. చేతికి ఇది దొరికింది," అన్నారు.

"పదిహేడు," అన్నాను నేను. "డాక్టరుకి ఫోను చెయ్యండి."

ఆ కాగితం డాక్టరు ఫైలులోకి వెళ్ళింది. ముందు వైపు ఏముందో ఆమె చదివిందో లేదో తెలియదు. మళ్ళీ అలాంటిది ఆయన రాయలేదు.

అప్పటి నుంచీ మా వంటగది తలుపు మీద సుద్దముక్కతో అత్తయ్య అంకెలు వేసేది. నలభై ఒకటి. ఎనభై ఎనిమిది. ఎండలు మండుతున్నకొద్దీ అంకెలు పెరిగాయి. నూట తొంభై. గాలి వేసిన రోజు సున్నా, దాని పక్కన "గాలి" అని రాసేది, అన్యాయం జరగకూడదని. భోజనాల దగ్గర ఆయనే మాట్లాడేవారు. ఏ గుంట కొత్తది, ఎవరి గుంటలోకి ఎవరు చొరబడ్డారు, ఒక కన్ను లేని చేప రెల్లు మొదట్లో ఎంత శుభ్రంగా గుంట ఊడ్చుకుందో. అత్తయ్య చుట్టాల కబుర్లు వింటున్నట్టు వినేది. ఒంటికన్ను చేప గుంటలోకి పెద్ద చేప వచ్చిందని చెప్పిన రోజు ఆవిడ ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "పోయిందా?" అంది. "పెద్దదే పోయిందమ్మా," అన్నారాయన.

*

ఆకాశంలో మొదటి మబ్బులు కనిపించిన వారం కమిటీ వచ్చింది. ముగ్గురు మనుషులు, ముందు ఆఫీసరు. ఏడాది కిందట నీళ్ళలో పడ్డ ఆఫీసరే. నేనూ అత్తయ్యా ఒడ్డున ఒక పక్కగా నిలబడ్డాం. డాక్టరు కాగితాలు అందించింది.

"మూడు వందల పధ్నాలుగు," చదివాడు ఆఫీసరు. "ఎవరు లెక్కపెట్టారు?"

"నేనే సర్," అన్నారు మా ఆయన.

"ఒక్కడివేనా?"

"ఒక్కణ్ణే."

"ఫొటోల్లో నాకు మచ్చలు తప్ప ఏమీ కనబడటం లేదు. నేనెలా నమ్మను?"

ఆయన బోర్డు కొస పట్టుకున్నారు. "రండి సర్. చూపిస్తాను," అన్నారు.

ఎవరూ కదల్లేదు. డాక్టరు తన బూట్ల వైపు చూసుకుంది. అక్కడున్న ప్రతి ఒక్కరూ ఆ వీడియో చూసినవాళ్ళే. ఆఫీసరు బోర్డునీ, మా ఆయన్నీ, నీళ్ళనీ చూశాడు. తర్వాత ఒడ్డు మీద కూర్చుని బూట్లు విప్పి, మేజోళ్ళు వాటిలో కుక్కాడు.

నేను లెక్క వేశాను. నూటయాభై, ఆఫీసరు ఒక అరవై అయిదు. రెండు వందల పదిహేను. బండి నిండా ఎత్తినట్టే. మా ఆయన నా ముఖం చూసి అర్థం చేసుకున్నారు. "మెల్లగా వెళతాను," అన్నారు నాతో. "సర్, మీరు నా కాళ్ళ ముందు కూర్చోండి. ఎటు చూడాలన్నా తల తిప్పండి, ఒళ్ళు తిప్పకండి."

బోర్డు బాగా లోతుగా కూర్చుంది. అంచుకీ నీళ్ళకీ మధ్య రెండు వేళ్ళే ఉన్నాయి. ఆయన తెడ్డు వేసిన తీరు నేను మరిచిపోను. నీళ్ళని అడిగి కదిలినట్టు, ఒక్కో తెడ్డుకీ మధ్య ఊపిరి పీల్చేంత వ్యవధి ఇస్తూ, రెల్లు చాటుకి వెళ్ళిపోయారు. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. నలభై నిమిషాలు. చప్పుడేమీ లేదు.

తిరిగొచ్చాక ఆఫీసరు దిగి, ఉత్త కాళ్ళతో గడ్డిలో నిలబడ్డాడు. పంట్లాం తడిసి మోకాళ్ళకి అంటుకుంది. కమిటీ వాళ్ళు ఏమైందని అడిగారు. అతను డాక్టరు దగ్గరికి వెళ్ళి, రహస్యం చెబుతున్నట్టు అన్నాడు:

"కింది నుంచి కొట్టిందండీ. నేను కూర్చున్న చోట."

"అవునండీ," అంది డాక్టరు.

"ఎన్ని ఉన్నాయో లెక్కపెడదామనుకున్నాను. వందకి ముందే మర్చిపోయాను." కాగితం తీసుకుని, అక్కడే బోర్డు మీద పెట్టి సంతకం చేశాడు. వంపు పూడ్చే పని ఆపమని. మా ఆయన వైపు తిరిగి, "రేపట్నుంచి ఆ టికెట్ల గదిలో కూర్చోకు. ఇక్కడే ఉండు," అన్నాడు. క్షమాపణ లాంటిదేదో కూడా చెప్పబోయాడు గానీ, మా ఆయన అప్పటికే బోర్డు మీది ఇసక కడుక్కుంటున్నారు.

*

వానలు ఇంకో నాలుగు రోజుల్లో పడతాయనగా ఆయన నాతో, "ఒక పూట సెలవు పెట్టు," అన్నారు. ఆ వేసవంతా నేను బోర్డు మీద ఇసక సంచులు ఎక్కించాను గానీ నేను ఎక్కలేదు. నాకు ఈత రాదు. జాకెట్టు బిగించి, ఆయన కాళ్ళ ముందు కూర్చున్నాను. ఒడ్డు నుంచి విడివడినప్పుడు బోర్డు అంచులు రెండు చేతులా పట్టుకున్నాను. తర్వాత పట్టు వదిలాను. నేల మీద ఎప్పుడూ ఏదో ఒకటి కాళ్ళకి తగులుతూ ఉంటుందని, అది లేనప్పుడే తెలుస్తుంది.

"బోర్లా పడుకుని కిందికి చూడు," అన్నారు.

పడుకుని, గడ్డం అంచున ఆనించి చూశాను. మొదట నా ముఖమే కనిపించింది. తర్వాత కళ్ళు దానిలోంచి కిందికి దిగాయి.

నల్లటి నేల మీద తెల్లటి గుంటలు. ఒకదాని పక్కన ఒకటి, ఒకదానికొకటి తగలకుండా, నీళ్ళు ఎంత దూరం కనిపిస్తే అంత దూరం. ప్రతి గుంట అంచూ గుండ్రంగా, చెయ్యి తిరిగిన కుమ్మరి తీర్చినట్టు. ప్రతి దాని మధ్యలో ఒక చేప, కదలకుండా, రెక్కలు మాత్రం మెల్లగా ఆడిస్తూ, తన గుంటలోని నీళ్ళకి గాలి విసురుతూ. నా పుట్టుక నుంచీ ఆ ఊళ్ళో ఉన్నాను. ఆ చెరువు నీళ్ళే తాగాను. వేసవి వేసవికీ ఇదంతా ఇక్కడ జరుగుతూనే ఉందన్నమాట, మేం గట్టు మీద టీ తాగుతూ ఎండ గురించి మాట్లాడుకుంటూ ఉండగా.

ఆయన తెడ్డు ఎత్తి రెల్లు వైపు చూపించారు.

కాసేపటికి రెల్లు మొదట్లోని ఒక గుంటలోంచి పొగలాంటిది లేచింది. బురద అనుకున్నాను. అది విడిపోకుండా, ముడుచుకుంటూ విచ్చుకుంటూ మా వైపు వచ్చింది. దగ్గరికొచ్చాక చూస్తే పిల్లలు. కనురెప్ప వెంట్రుకంత పిల్లలు, వేలకొద్దీ. ఒక్కోదానికీ రెండు చుక్కల కళ్ళు. వాటి కింద, వాటి వేగానికి తన వేగం తగ్గించుకుని, తండ్రి చేప. దానికి ఒకవైపు కన్ను లేదు. గుంటని వదిలి బయటికి తీసుకొచ్చింది వాటిని, మొదటిసారిగా.

పిల్లలు మా బోర్డు నీడలోకి వచ్చాయి. ఎండ నుంచి నీడలోకి రాగానే పొగ చిక్కబడి ఆగింది. తండ్రి చేప పైకి వచ్చి నన్ను చూసింది. దాని కన్ను నా కంటికి జానెడు దూరంలో ఉంది. గుద్దుతుందేమోనని అంచు గట్టిగా పట్టుకున్నాను. అది గుద్దలేదు. కొంచెంసేపు అక్కడే ఉండి, మళ్ళీ పిల్లల కిందికి దిగింది. పొగ మళ్ళీ కదిలి, నా పొట్ట కింద నుంచి, ఆయన పాదాల కింద నుంచి, అవతలి వైపుకి దాటడం మొదలుపెట్టింది.

తల కొంచెం తిప్పి పైకి చూశాను. ఆయన ఆకాశంలో సగం ఆక్రమించి నిలబడి ఉన్నారు. తెడ్డుని రెండు చేతులతో అడ్డంగా ఎత్తి పట్టుకున్నారు. దాని కొసనుంచి కారే చుక్కలు నీళ్ళలో పడకుండా కొసని తన భుజం మీదికి వంచుకున్నారు. చొక్కా తడుస్తోంది. అంత బరువైన తెడ్డు కాదది, అంతసేపు అలా పట్టుకోవడం బరువు.

దాటడానికి వాటికి చాలాసేపు పట్టింది. చివరి పిల్ల కూడా అవతలి ఎండలోకి వెళ్ళేదాకా ఆయన తెడ్డు దించలేదు.